శబరి ఎక్స్‌ప్రెస్‌కు ఐదు టికెట్లు

కేరళ పోదామని మేం అనుకోవడం ఇది మూడోసారి. మొదటిసారి డబ్బులు చాలలేదు. రెండోసారి ఎందుకు ఆగిపోయామో చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. భయపడ్డాం. కేరళ అంటే కాదు, లాడ్జి అంటే.

'మేం' అంటే ఎంతమంది అని మీరడగొచ్చు. అమ్మీ, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, ఈ నాలుగు ముక్కలు రాస్తున్న మనిషి. అయితే ఒక్కళ్లమే ఉన్నా మేం 'మేం' అనే అంటాం. మా ఇంట్లో ఉర్దూలో 'మై' అనడం అలవాటు లేదు, 'హమ్' అంటాం. ఆ 'హమ్'ని తెలుగులోకి తెచ్చుకునేటప్పుడే చిక్కొస్తుంది. తెలుగులో దానికి రెండు మాటలున్నయ్: మేము, మనము. ఎదుటివాణ్ణి బయట నిలబెట్టేది ఒకటి, లోపలికి పిలిచేది ఒకటి. పాతికేళ్లుగా పత్రికల్లో తెలుగు రాసి బతుకుతున్నాం. అయినా ఎక్కడ మేము, ఎక్కడ మనము అన్నది ప్రతిసారీ ఓ క్షణం ఆగి ఆలోచించాల్సే వస్తుంది. మీకు ఆ ఆగడం ఉండదు.

లాడ్జి సంగతి చెప్తాం. ఏ ఊరో, ఏ లాడ్జో వద్దు. రాత్రి పదకొండు. పిల్లలు నిద్రకు తూగుతున్నరు. కౌంటర్ దగ్గర కూర్చున్న అబ్బాయి ఎంతో మర్యాదగా మాట్లాడాడు. "ఎంతమంది సార్? ఏసీనా, నాన్ ఏసీనా సార్?" అన్నాడు. వాడి వెనక చెక్కకు తాళాలు వరసగా వేలాడుతున్నయ్. ఇంతలో అమ్మీ బురఖా సర్దుకుంటూ ఆటో దిగింది. మేం ఆధార్ కార్డు తీసి ముందు పెట్టాం. వాడు కార్డు చూశాడు, అమ్మీని చూశాడు. "రూములు ఫుల్ అయినయ్ భాయ్" అన్నాడు. తాళాలు అట్లాగే వేలాడుతున్నయ్. మేం గమనించింది తాళాల్ని కాదు, సార్ కాస్తా భాయ్ అయిపోవడాన్ని. తెల్లారేదాకా బస్టాండులో కూర్చున్నాం. పెద్దవాడు, అప్పుడు ఆరేళ్లు, "అబ్బా, తాళాలు ఉన్నయి గద?" అని అడిగాడు. జవాబు చెప్పకుండా వాడికి బిస్కెట్ పాకెట్ కొనిచ్చాం.

అప్పట్నుంచీ ప్రయాణమంటే మీరు ఏం చూడాలో రాసుకుంటారు. మేం ముందు ఎక్కడ పడుకోవాలో రాసుకుంటాం.

ఈసారి కేరళ మాట మళ్లీ లేవడానికి కారణం పక్కింటి గురుస్వామి. పద్దెనిమిదిసార్లు శబరిమల ఎక్కిన మనిషి. కార్తీకమాసం వచ్చిందంటే మెడలో మాల, నల్లబట్టలు, చన్నీళ్ల స్నానం, పొద్దున్నే శరణుఘోష. మా ఫజర్ అజాఁ, ఆయన శరణుఘోష ఒకదాని వెనక ఒకటి మా గల్లీని లేపుతయ్. సికింద్రాబాదులో బయలుదేరే శబరి ఎక్స్‌ప్రెస్ మా నల్లగొండ మీదుగానే పోతుంది. దాని రాకపోకలు, ఏ స్టేషన్లో ఏం దొరుకుతుంది, ఎక్కడ నీళ్లు పట్టుకోవాలె, అన్నీ ఆయనకు కంఠతా. "డిసెంబర్ల పోకుండ్రి సాబ్, బెర్తులు దొరకయి, బండినిండ స్వాములే. మకరజ్యోతి అయిపోయినంక, జనవరి ఆఖర్ల పోండ్రి. వానలుండయి, ఎండ గూడ కొట్టది" అన్నాడు. అక్కడ జూన్ మొదట్లో ఒక వానాకాలం, అక్టోబర్, నవంబర్‌లలో ఇంకో వానాకాలం. రెంటినీ తప్పించుకుని పోవాలంటే ఆయన చెప్పిందే సరైన లెక్క.

ఎరుమేలి సంగతి చెప్పింది కూడా ఆయనే. అయ్యప్ప కొండకు పోయే భక్తులు ఎరుమేలిలో ఒంటికి రంగులు పూసుకుని, ఆకులు కట్టుకుని పేట తుళ్లల్ ఆడతారు. ఆడుతూ అక్కడి మసీదుకు పోతారు. అయ్యప్పకు సహచరుడైన వావర్‌కు దండం పెట్టుకుని, కానుక వేసి ముందుకు కదులుతారు. వావర్ ముస్లిం. సన్నిధానంలో కూడా ఆయనకో స్థానముంది. "వావర్ స్వామి" అంటాడు గురుస్వామి, కళ్లకద్దుకుని. వింటుంటే మాకు సంతోషం వేసింది. దానితోపాటే ఇంకోటి కూడా వేసింది. అదేమిటో చివర్లో చెప్తాం.

అమ్మీకి మాత్రం వేరే దిగులు. "వాఁ కే ముసల్మానాఁ ఉర్దూ బోల్తే కీ నై?" అక్కడి ముస్లింలు ఉర్దూ మాట్లాడతారా అని. మాట్లాడరమ్మీ, మలయాళం మాట్లాడతారు అన్నాం. అమ్మీ నమ్మలేదు. కాసేపాగి, "మరి నికా ఎట్ల చదువుతరు? తిట్టుకునేటప్పుడు?" అంది. అది నవ్వే ప్రశ్న కాదు. మా అమ్మీ లెక్కలో దీన్ వేరు, జుబాన్ వేరు కావు. మీ లెక్కలో కూడా అంతే గదా! తెలుగు మాట్లాడితే ముస్లిం అనుకోరు, ముస్లిం అని తెలిశాక "తెలుగు ఎంత బాగా మాట్లాడుతున్నారండీ" అంటారు. మేం పుట్టిందిక్కడే, ఈ నీళ్లే తాగినం, బాగా మాట్లాడక ఏం చేస్తాం?

ఆ 'అయ్యుండి' అనే మాట ఒకటుంది తెలుగులో. ముస్లిం అయ్యుండి పద్యాలు రాశాడు, ముస్లిం అయ్యుండి అవధానం చేశాడు. పిఠాపురం ఉమర్ ఆలీషా (1885–1945) ఉమర్ ఖయ్యాంను తెలుగు చేసిన కవి, కేంద్ర శాసనసభలో కూర్చున్న మనిషి. మేం బీఏలో తెలుగు సాహిత్యం చదువుకున్నాం. ఆయన పేరు పాఠంలో కాదు, 'అయ్యుండి' కింద ఓ వాక్యంలో విన్నాం.

కేరళలో ఈ మాటకు ఏమంటారని కోళిక్కోడ్‌కు చెందిన ఒక పాత్రికేయ మిత్రుణ్ణి ఫోన్‌లో అడిగాం. ఆయన మాప్పిళ్ల. కాసేపు ఆలోచించి, "మలయాళం మా అమ్మ భాష. అయ్యుండి ఏమిటి?" అన్నాడు. మాప్పిళ్లలు మలయాళాన్ని అరబ్బీ లిపిలో రాసుకున్నారు. అరబి-మలయాళం అంటారు దాన్ని. మోయిన్‌కుట్టి వైద్యర్ అనే కవి 1872లో, ఇరవై ఏళ్ల వయసులో, ఆ లిపిలోనే 'బదరుల్ మునీర్ హుస్నుల్ జమాల్' ప్రేమకావ్యం రాశాడు. ఆ పాటలు పెళ్లిళ్లలో పాడుకునేవి, ఎవరి సర్టిఫికెట్ కోసమూ రాసినవి కావు. ఆ మిత్రుడే ఇంకో మాట చెప్పాడు. మలయాళంలో కూడా మేముకు 'ఞంగళ్', మనముకు 'నమ్మళ్' అని రెండు మాటలున్నాయట. కోళిక్కోడ్ వైపు మాటల్లో మాత్రం 'నేను' అనాల్సిన చోట కూడా 'నమ్మళ్' దొర్లుతుందట. "నమ్మళ్ తిన్నది చేపల కూర" అన్నట్టు. ఫోన్ పెట్టేశాక ఆ మాటని రెండుసార్లు నోట్లో తిప్పుకుని చూశాం.

చూడాల్సినవి రాసుకోవడం అప్పుడు మొదలైంది. ఎర్నాకుళంలో దిగి మట్టాంచేరి. అక్కడ పరదేశి సినగాగ్, 1568లో కట్టింది. పక్కనే పోర్చుగీసులు కట్టి కొచ్చి రాజుకిచ్చిన కోట. కొంకణులు, గుజరాతీలు, కచ్చీ మేమన్లు, ఎవరి వీధి వాళ్లకు, ఎవరి వంటవాసన వాళ్లకు. దక్కనీ ఉర్దూ మాట్లాడే ముస్లింల ఇళ్లు కూడా ఉన్నాయని తెలిసేసరికి అమ్మీ ముఖం విప్పారింది. "చలో ఫిర్" అంది. అక్కణ్నుంచి కొడుంగల్లూరు, చేరమాన్ జుమా మసీదు. క్రీ.శ. 629లో కట్టారని అక్కడివాళ్ల నమ్మకం. చరిత్రకారులు ఆ తేదీని ఒప్పుకోరు. మాకు తేదీతో పేచీ లేదు. ఇస్లాం ఈ దేశానికి కత్తి పట్టుకునే వచ్చిందని చెప్పేవాళ్లకు, మిరియాల బస్తాల కోసం పడవెక్కి కూడా వచ్చిందని చూపించడానికి ఆ తీరం చాలు. ఆ మసీదు బంగారుపూత నమూనాని 2016లో మన ప్రధానమంత్రి రియాద్‌లో సౌదీ రాజుకు బహూకరించారు. బయటి రాజుకు బహుమతిగా ఇవ్వడానికి మా చరిత్ర పనికొస్తుంది. ఇంట్లో ఉంచుకోవడానికే ఎవరికీ చోటు చాలదు.

తర్వాత కోళిక్కోడ్, మన పాత భూగోళం పుస్తకాల్లోని కాలికట్. కుట్టిచ్చిరలో మిష్కాల్ మసీదు. ఫొటో చూపిస్తే చిన్నది "ఇది మసీదా, గుడా?" అంది. మినార్ లేదు, గుంబజ్ లేదు, చెక్కస్తంభాలు, అంతస్తులంతస్తులుగా పెంకుల కప్పు. వానలు కురిసే చోట ఎవరి దేవుడైనా పెంకుల కిందే ఉండాలె గదా. 1510లో పోర్చుగీసులు దానికి నిప్పుపెట్టారు. 1571లో జామోరిన్ సైన్యం, మాప్పిళ్లలు కలిసి పోర్చుగీసుల చాలియం కోటను నేలమట్టం చేశారు. హిందూరాజు, ముస్లిం నావికులు. ఇది మా బడి పుస్తకాల్లో ఉండి ఉంటే క్లాసులో మేం కొంచెం నిటారుగా కూర్చునేవాళ్లం.

అదే కుట్టిచ్చిరలో ఆస్తి ఆడపిల్లల వైపు నడిచే పాత కుటుంబాలున్నయ్. పెళ్లయ్యాక పిల్లే ఇల్లు వదలదు, అల్లుడే రాత్రికి అత్తగారింటికి వస్తాడు. ఇది విని మా ఆవిడ ఇంకేమీ అడగలేదు, "ఆ ఊళ్లో రెండు రోజులు ఎక్కువుందాం" అంది.

తిండి దగ్గర పెద్ద చర్చే జరిగింది. మేం హనఫీలం, వాళ్లు షాఫయీలు. సముద్రంలో ఈదేది దాదాపు ఏదైనా వాళ్లకు హలాలే, ఆల్చిప్పలు కూడా. మాకు ఆల్చిప్ప కూడదు, రొయ్య దగ్గర మా మౌల్వీ సాబులకే ఏకాభిప్రాయం లేదు. కల్లుమ్మక్కాయ అని ఆల్చిప్పల్లో బియ్యప్పిండి కూరి, ఉడికించి వేయిస్తారట. మలబారులో అది చాలా ఇష్టంగా తింటారు. అమ్మీ ససేమిరా అంది. పెద్దవాడు "నేను వారం రోజులు షాఫయీ అయిత" అన్నాడు. అసర్ నమాజు వేళ కూడా వాళ్లది మాకన్నా ముందే. పండుగ చంద్రుడు కూడా కొన్నేళ్లు వాళ్లకే ముందు కనిపిస్తాడు. టీవీల్లో చర్చపెట్టే పెద్దమనుషులు 'ముస్లింలు' అని ఒక్క ముద్దగా అంటుంటారు. నిజంగా మేమంతా ఒక్కటే అయితే ఓ ఆల్చిప్ప దగ్గర ఇంత రభస ఎందుకొచ్చేది?

బేపూర్ కూడా రాసుకున్నాం. వైక్కం ముహమ్మద్ బషీర్ బతికిన ఊరు, 1994లో ఆయన కన్నుమూసిన ఊరు. ఆయన 1951 నాటి నవల ఒకటి ఇంగ్లిషులో చదివాం. మా తాతకో ఏనుగుండేది అని అర్థమొచ్చే పేరు దానికి. ఆ ఇంటి తల్లి తన తండ్రి ఏనుగు గురించి బతుకంతా గొప్పలు చెప్తుంది. ఆస్తి పోయి గుడిసెలో పడ్డా ఏనుగు మాత్రం దిగదు. చివరికి వీధి పిల్లలు అది ఏనుగు కాదు, కుళియాన అని వెక్కిరిస్తారు. ఇసుకలో గుంట చేసుకుని బతికే పురుగు అది. మలయాళంలో దాని పేరులోనే ఏనుగుంది. చదివినప్పుడు నవ్వినాం. తర్వాత ఆ నవ్వు గొంతులో అడ్డంపడింది. నల్లగొండలో మా చిన్నప్పుడు ఎన్ని ఇళ్లలో వినలేదు ఈ ఏనుగు కథ! నవాబుల జమానాలో మేం, ఆసఫ్‌జాహీల జమానాలో మేం. మా దాదా జట్కా తోలేవాడు. ఆయనకున్నది ఒక్క గుర్రం, అదీ కుంటిది. మీరు మమ్మల్ని నాలుగొందలేళ్లు ఏలినవాళ్లంటారు, మాలో కొందరు అవునవునని మీసం తిప్పుతారు. ఇద్దరూ కలిసి ఆ కుంటి గుర్రాన్ని ఏనుగు చేశారు.

రైలు దారిని చూస్తూంటే కోయంబత్తూరు దాటగానే పోదనూర్ జంక్షన్ కనపడింది. పెన్ను అక్కడ ఆగింది. 1921 నవంబర్‌లో మలబార్ తిరుగుబాటు ఖైదీల్ని, వందమంది దాకా, తిరూర్‌లో ఓ మూసిన గూడ్సు పెట్టెలో కుక్కి బళ్లారి జైలుకు పంపారు. పోదనూర్‌లో తలుపు తీసేసరికి గాలాడక చచ్చినవాళ్ల శవాలు. మొత్తం దాదాపు 70 మంది పోయారు. ఆ తిరుగుబాటులో హిందువుల్ని చంపారు, బలవంతంగా మతం మార్చారు. అది దాచాల్సిన పని లేదు, దాచం. కానీ దాన్ని అణచడానికి 1921లో పుట్టిన మలబార్ స్పెషల్ పోలీసునే మరుసటేడు మన్యంలో అల్లూరి సీతారామరాజు మీదికి పంపారన్నది మన తెలుగు పుస్తకాల్లో ఎంతమందికి గుర్తుంది? అదే తెల్లదొర, అదే తుపాకి. 2021లో చరిత్ర పరిశోధన మండలి కమిటీ ఒకటి అమరుల నిఘంటువులోంచి 387 మంది మలబార్ తిరుగుబాటుదార్ల పేర్లు తీసేయాలని సిఫారసు చేసింది. 2022లో భీమవరంలో అల్లూరికి 30 అడుగుల విగ్రహం లేచింది. అల్లూరి విగ్రహానికి మేమూ దండ వేస్తాం. ఆయన మాక్కూడా వీరుడే. పోదనూర్‌లో బండి ఆగినా ఆగకపోయినా కిటికీ తెరిచి పెట్టాలని రాసుకున్నాం.

ఇక మిగిలింది లాడ్జి. వారం రోజులు వాయిదా వేశాం. చివరికి కొచ్చిలో గదులు అద్దెకిచ్చే ఓ ఇంటికి ఫోన్ చేశాం. పెద్దావిడ గొంతు, క్రైస్తవురాలు. తేదీలు చెప్పాం. అయిదుగురం అన్నాం. పేరు చెప్పాం, పూర్తి పేరు, ముహమ్మద్‌తో సహా. చెప్పి ఊపిరి బిగబట్టాం. పేరు తర్వాత ఓ మౌనం వస్తుంది, మాకు దాని పొడవు తెలుసు. రాలేదు. "పొద్దున టిఫినుకు పుట్టా, అప్పమా?" అంది ఆవిడ. మెట్లెక్కలేని వాళ్లెవరైనా ఉన్నారా అని కూడా అడిగింది.

ఫోన్ పెట్టి ఇంట్లో అందరికీ చెప్పాం. మిఠాయి తేవాలన్నంత సంతోషం. రాత్రి పడుకున్నాక ఆ సంతోషమే నిద్ర పట్టనివ్వలేదు. డబ్బు తీసుకుని గది ఇస్తానందావిడ. అంతే గదా చేసింది! దానికే మేం కృతజ్ఞతతో తడిసిపోయాం. ఈ దేశంలో ఎంత చిన్నదాన్ని మహోపకారంగా లెక్కేసుకోవడం నేర్చుకున్నాం మేం!

కోళిక్కోడ్ మిత్రుడికి ఈ కథంతా చెప్తే ఆయన మురిసిపోలేదు. "మా ఊరిని ఎగ్జిబిషన్ చూసినట్టు చూడ్డానికి రావొద్దు" అన్నాడు. కోళిక్కోడ్ దగ్గరే మారాడ్ తీరంలో 2002లో అయిదుగురు, 2003లో తొమ్మిదిమంది, హిందువులూ ముస్లింలూ నరుక్కుని చచ్చారు. 2010లో ఒక ప్రశ్నపత్రం కోసం ఓ ప్రొఫెసర్ చెయ్యి నరికినవాళ్లు ముస్లింలే. మట్టాంచేరి సినగాగ్ అందంగా ఉంది, ప్రార్థించే యూదులు మాత్రం 1948 తర్వాత ఇజ్రాయెల్‌కు పోయారు, వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. కరపత్రాల్లో 'భిన్న సంస్కృతుల నేల' అని అచ్చువేయడం తేలికేనన్నాడు. 2011 లెక్కల్లో కేరళలో ముస్లింలు 26.56 శాతం, అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 9.56 శాతం. "మేం ఎక్కువమందిమి, అందుకే మా గొంతు కొంచెం గట్టిగా ఉంటుంది. మంచితనం వల్లే అనుకోకు" అన్నాడు. ఆయన మాట పూర్తిగా ఒప్పుకోలేదు మేం. ఆ పెద్దావిడ అప్పాల సంగతి అడిగింది మా శాతం చూసి కాదు. అయినా ఆయన మాటని కూడా కాగితం మీద రాసుకున్నాం, పోదనూర్ కింద.

రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. పొద్దున్నే కూర్చుంటే అయిదు బెర్తుల్లో మూడే ఖాయమయ్యాయి. మిగతా రెండు వెయిటింగ్. అమ్మీకి కింది బెర్తు వచ్చింది, అది చాలు.

సాయంత్రం గురుస్వామి గేటు దగ్గర నిలబడి టికెట్ల సంగతి అడిగాడు. చెప్పాం. "మరి ఎరుమేలి పోరా సాబ్? వావర్ స్వామి మీ ఆయనే గద" అన్నాడు. మా దారి అటు కాదన్నా అన్నాం. ఆ రోజు నుంచీ లోపల మెదులుతున్న మాట అప్పుడు బయటికొచ్చింది. "అన్నా, ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా పోయి అక్కడ మసీదులో దండం పెట్టి వస్తవు. మన గల్లీ చివర ఉన్న మసీదు లోపల ఎట్లుంటదో ఎప్పుడన్న చూసినవా?"

ఆయన కోపం తెచ్చుకోలేదు. గడ్డం గోక్కున్నాడు. "ఎవ్వరు పిలువలె గద సాబ్" అన్నాడు.

నిజమే. ఇరవై రెండేళ్ల పక్కిల్లు. ఆయన ప్రతి ఏడూ పడిపూజకు పిలుస్తాడు, మేం పోయి షామియానా కింద చివర కుర్చీలో కూర్చుని ప్రసాదం తీసుకుని వస్తాం. మా మసీదుకు ఆయన్ని రమ్మని మేం ఒక్కనాడు అనలేదు. అనొచ్చని కూడా తోచలేదు.

"ఆదివారం రా అన్నా, జుహర్ అయినంక" అన్నాం.

"వస్త. చెప్పులు యాడ ఇడవాలె?"

"మెట్ల కాడ. పక్కన నల్లా ఉంటది, కాళ్లు కడుక్కోవచ్చు."